పేరొకరిది, ఇంజనొకరిది

ఆవిరియంత్రాన్ని కనిపెట్టింది ఎవరయ్యా అంటే, ఎవర్నడిగినా ఠక్కున జేమ్స్ వాట్ అనేస్తారు. దాని వెనకాలే తోకలాగా కెటిల్ కథ ఒకటి వస్తుంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, మూత ఎగిరెగిరి పడుతోంది, కుర్రాడు చూశాడు, బుర్రలో తళుక్కుమంది, ఇంజను పుట్టింది!

ఇప్పుడు రెండు తేదీలు చూడండి. జేమ్స్ వాట్ పుట్టింది 1736లో. బొగ్గుగనుల దగ్గర నిలబడి రాత్రీపగలూ నీళ్ళు తోడిన ఆవిరియంత్రాన్ని తయారుచేసిన థామస్ న్యూకమెన్ చనిపోయింది 1729లో. అంటే వాట్ గారు భూమ్మీద పడటానికి ఏడేళ్ళ ముందే ఈయన తన పని ముగించుకుని వెళ్ళిపోయాడు. అప్పటికే ఆ ఇంజన్లు ఇంగ్లండు దాటి స్వీడన్ దాకా వెళ్ళాయి.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డ బాపతు. (మనలో చాలామందిది ఇదే కథ కదా :)) థర్మోడైనమిక్స్ పేపర్లో కార్నో, రాంకిన్, ఒట్టో, డీజిల్.. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో సైకిల్ బట్టీ పట్టాం. న్యూకమెన్ పేరు మీద ఒక్కటీ లేదు. సైకిల్ సంగతి దేవుడెరుగు, అసలు మనిషి మొహం ఎలా ఉండేదో కూడా ఎవరికీ తెలీదు. ఆయన బతికుండగా గీసిన బొమ్మ ఒక్కటీ దొరకలేదు. లండన్‌లో బన్‌హిల్ ఫీల్డ్స్ అనే శ్మశానంలో సమాధి చేశారు గానీ, అందులో ఏ చోటన్నది తెలీదు. తను తయారుచేసిన ఇంజను మీద తన పేరుతో పేటెంటు కూడా లేదు.

మిగిలిందల్లా ఇంజనే. ఆ ఇంజను గురించీ, దాని మీద పేరు ఎవరిది పడిందన్న దాని గురించీ కొంచెం చెప్పాలని ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇంగ్లండుకి నైరుతి మూలన డెవన్ అనే ప్రాంతం. అందులో సముద్రం ఒడ్డున డార్ట్‌మౌత్ అని చిన్న రేవు పట్టణం. 1664లో న్యూకమెన్ పుట్టింది అక్కడే. పెద్దయ్యాక ఆ ఊళ్ళోనే ఇనుపసామాను వ్యాపారం పెట్టుకున్నాడు. మేకులూ తాళాలూ అమ్ముకుని సాయంత్రానికి కొట్టు కట్టేసే రకం కాదు. పనిముట్లు చేయించి చుట్టుపక్కల తగరం గనులకి సరఫరా చేసేవాడు. అలా గనుల వాళ్ళతో పరిచయం, వాళ్ళ కష్టాలతో పరిచయం.

ఆయన బాప్టిస్టు, వాళ్ళ సంఘంలో ప్రసంగాలు కూడా చేసేవాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో ఇంగ్లండు అధికారిక చర్చికి చెందనివాళ్ళకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి డిగ్రీలు అందేవి కావు. సర్కారు పదవులకీ అదే అడ్డం. అంటే ఈయన డిగ్రీ చదవలేదు అనడం కంటే, చదివే దారి మూసేశారు అనడం సబబు. ఆయనకి తోడు జాన్ కాలీ అని అదే ఊరి మనిషి, అద్దాలు బిగించే పనివాడు. ఇనుపకొట్టాయనా, అద్దాల పనాయనా కలిసి మొదలుపెట్టారన్నమాట.

ఇంతకీ సమస్య ఏమిటంటే, నీళ్ళు.

గని తవ్వేకొద్దీ ఊట వస్తూనే ఉంటుంది. తోడుతూనే ఉండాలి. తోడటం ఆపితే పని ఆగడం కాదు, గనే మునిగిపోతుంది. అప్పట్లో గుర్రాలని గానుగెద్దుల్లా తిప్పి తోడేవారు. గ్రిఫ్ అనే ఊళ్ళో ఒక బొగ్గుగని యజమానులు ఒక్క ఈ గుర్రాలకే ఏడాదికి 900 పౌండ్లు ఖర్చు పెట్టేవారట. లోతు పెరిగేకొద్దీ గుర్రాలు పెరుగుతాయి, బొగ్గు మీద వచ్చే డబ్బంతా దాణాకే పోతుంది. ఇక కింద బొగ్గున్నా గని వదిలేసుకోవడమే.

ఈ నీళ్ళ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోనక్కర్లేదు. పెరిగింది సింగరేణి కాలనీలో. మా బాపు బాయిలో పంపు ఆపరేటరు. (మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటారు.) దసరా రోజు కాలనీ మొత్తం కొత్త బట్టల్లో తిరుగుతుంటే ఈయన డబ్బా కట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. చిన్నప్పుడు ఏడుస్తూ అడిగితే, "బొగ్గు ఇయ్యాల గాకుంటె రేపు తీస్తం. నీళ్ళకు సెలవుండదు కొడుకా" అన్నాడు. అందుకే న్యూకమెన్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు ఆవిరి కంటే ముందు ఆ నీళ్ళే కనపడ్డాయి.

సరే, అసలు విషయానికొద్దాం. నిప్పుతో నీళ్ళు తోడొచ్చన్న ఆలోచన న్యూకమెన్‌కి ముందే ఉంది. 1690లో దెనీ పాపిన్ అనే ఫ్రెంచాయన, సిలిండర్లో ఆవిరి నింపి చల్లారిస్తే పిస్టను కిందికి దిగుతుందని చిన్న నమూనా చేసి చూపించాడు. మన వంటింట్లో ప్రెషర్ కుక్కరుకి మూలపురుషుడు కూడా ఈయనే, 1679 నాటి మాట అది. కానీ ఆయన పిస్టను నమూనా దగ్గరే ఆగిపోయింది. తర్వాత 1698లో థామస్ సేవరీ అనే డెవన్ ఇంజనీరు, నిప్పు సాయంతో నీళ్ళు ఎత్తే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు రాయల్ సొసైటీలో నమూనా నడిపించి చూపించాడు. 1702లో తన యంత్రం గురించి పుస్తకం కూడా వేశాడు. పేరు మైనర్స్ ఫ్రెండ్, అంటే గని పనివాడి నేస్తం.

నేస్తం అయితే బాగుంది గానీ గనిలో నిలబడలేదు. సేవరీ యంత్రంలో పిస్టను లేదు. ఒక పాత్రలో ఆవిరి నింపి చల్లారిస్తే లోపల శూన్యం ఏర్పడి కింద నుంచి నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళని మళ్ళీ ఆవిరి ఒత్తిడితో పైకి తొయ్యాలి. పీల్చడం అన్నది సిద్ధాంతం ప్రకారం కూడా పది మీటర్లు దాటదు. మిగతా ఎత్తంతా ఆవిరి బలంతోనే తోసెయ్యాలి. అంత ఒత్తిడికి ఆనాటి బాయిలర్లు తట్టుకోలేవు. అతుకులు కరిగేవి, ఊడేవి. ప్రజెంటేషన్లో బ్రహ్మాండంగా నడిచి ప్రొడక్షన్లో కూలబడే సరుకు మనకి కొత్తేం కాదు కదా!

న్యూకమెన్ చేసింది వేరు. మన పాత ఏతం ఉంది చూశారూ, అదే ఊహించుకోండి. గోడ మీద ఇరుసు, ఇరుసు మీద పేద్ద దూలం. దూలం ఒక కొసకి గనిలోకి దిగే పంపు కడ్డీలు. రెండో కొసకి గొలుసుతో వేలాడే పిస్టను. పిస్టను చుట్టూ నిలువు సిలిండరు, దాని కింద బాయిలరు. పంపు కడ్డీల బరువుకి దూలం గని వైపు వాలుతుంది, ఇటు పిస్టను పైకి లేస్తుంది, సిలిండరు నిండా ఆవిరి చేరుతుంది. అప్పుడు ఆవిరి కవాటం మూసేసి లోపలికి చల్లనీళ్ళు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి, పదహారు వందల వంతుల చోటు ఒక్క వంతుకి కుదించుకుపోతుంది. లోపల దాదాపు శూన్యం. పైన గాలి ఊరుకుంటుందా? పిస్టన్ని కిందికి నొక్కుతుంది. ఏతం ఇటు వాలుతుంది, అటు నీళ్ళు లేస్తాయి.

ఇక్కడ ఆవిరి దేన్నీ తొయ్యడం లేదు, గమనించారా? పని చేసేది మన నెత్తి మీద ఊరికే ఉన్న గాలి. ఆవిరి చేసేదల్లా చోటు ఖాళీ చెయ్యడం. స్కూల్లో సైన్సు మాస్టారు రేకు డబ్బాలో నీళ్ళు మరిగించి, మూత బిగించి, పైన చల్లనీళ్ళు పోస్తే డబ్బా సొట్టలు పోయేది, గుర్తుందా? అదే సూత్రం. బాయిలర్లో ఒత్తిడి బయటి గాలి కంటే ఓ పిసరు ఎక్కువుంటే చాలు. అంటే ఆనాటి రాగిరేకుల బాయిలరుతోనే, ఆనాటి పనివాళ్ళ చేతులతోనే పని జరిగిపోతుంది. సేవరీ అడిగిన లోహం ఇంకా పుట్టలేదు. న్యూకమెన్ తన కొట్లో ఏం దొరుకుతుందో తెలిసినవాడు, దాంతో అయ్యే డిజైనే చేశాడు. నన్నడిగితే తెలివి అంటే ఇదీ.

సిలిండరు లోపల నున్నగా ఉండేది కాదు, అంత నున్నగా చేసే యంత్రాలు లేవు. పిస్టను అంచుకి తోలు బిగించి, పైన కాసిని నీళ్ళు నిలబెట్టాడు. సందుల్లోంచి గాలి దూరకుండా ఆ నీళ్ళే కాపలా.

ఇంకోటుంది. అది చదివినప్పుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. నీళ్ళలో ఎప్పుడూ కాస్త గాలి కరిగి ఉంటుంది. ప్రతి స్ట్రోకుకీ ఆ గాలి కొంచెం కొంచెం సిలిండర్లో చేరుతుంది. ఆవిరి నీరవుతుంది గానీ గాలి నీరవదు కదా. కాసేపు చక్కగా నడిచి, శూన్యం పాడై, ఇంజను ఆగిపోతుంది. మన భాషలో మెమరీ లీక్ అన్నమాట :) ఈ గాలి బయటికి పోవడానికి న్యూకమెన్ చిన్న కవాటం ఒకటి పెట్టాడు. నమూనా చేసి రెండు నిమిషాలు చూపించేవాడికి ఈ సమస్య తగలనే తగలదు. గంటలు గంటలు నడిపి, ఎందుకు ఆగిందో కూర్చుని వెతికినవాడికే తెలుస్తుంది.

1712లో డడ్లీ కోట దగ్గర ఒక బొగ్గుగని మీద ఈ ఇంజను నిలబడింది. సిలిండరు వ్యాసం 21 అంగుళాలు, పొడవు దాదాపు 8 అడుగులు. నిమిషానికి 12 స్ట్రోకులు. ఒక్కో స్ట్రోకుకి 10 గ్యాలన్లు, అంటే 45 లీటర్లు, సుమారు 46 మీటర్ల లోతు నుంచి. లెక్క కడితే దాదాపు అయిదున్నర హార్స్‌పవర్. ఇవాళ మన రైతు బోరుకి వేసుకునే 5 హెచ్.పి. మోటారంత! దానికి మేడంత కట్టడం, కింద భగభగ మండే పొయ్యి. కాల్చిన బొగ్గులో వందకి ఒక వంతు కూడా పనిగా మారేది కాదు. అయినా బొగ్గుగని దగ్గర బొగ్గుకి కరువేముంది? అమ్మకానికి పనికిరాని పొడి పోస్తే సరి. గుర్రం అలిసిపోతుంది, ఇది అలవదు.

ఇప్పుడు అదృష్టం సంగతికొద్దాం. నన్ను ఈ కథలోకి లాగింది ఆ మాటే.

మార్టెన్ ట్రీవాల్డ్ అనే స్వీడన్ ఇంజనీరు ఇంగ్లండులో ఈ ఇంజన్ల మీదే పనిచేసి, వాటి గురించి 1734లో పుస్తకం రాశాడు. ఆయన చెప్పేదాని ప్రకారం న్యూకమెన్, కాలీ దాదాపు పదేళ్ళు ఏకధాటిగా దీని మీద కూర్చున్నారు. మొదట్లో సిలిండరు బయట సీసం తొడుగులో చల్లనీళ్ళు పోసి ఆవిరిని చల్లార్చేవారు. అది నింపాదిగా జరిగే పని. ఒకసారి సిలిండరుకి పోతపోసినప్పుడు మిగిలిపోయిన బెజ్జాన్ని పూడ్చిన తగరం అతుకు వేడికి కరిగింది. తొడుగులోని చల్లనీళ్ళు ఆ బెజ్జంలోంచి సిలిండరు లోపలికి చిమ్మాయి. ఆవిరి క్షణంలో నీరైంది. పిస్టను ఎంత బలంగా దిగిందంటే గొలుసు తెగింది, కింద బాయిలరు మూత కూడా నుజ్జయింది.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? బెజ్జం గట్టిగా పూడ్చి, గొలుసు మార్చి, తొందరగా మూసేస్తాడు. వీళ్ళు మాత్రం, ఇన్నేళ్ళూ మనకి కావలసింది ఇదే కదా అని గుర్తుపట్టారు. ఆ బెజ్జాన్నే పనిలో భాగం చేసేశారు. లోపలికి చల్లనీళ్ళు చిమ్మే ఏర్పాటు అలా వచ్చింది.

డెసాగులియర్స్ అని ఒక పెద్దాయన. ఆక్స్‌ఫర్డ్ చదువు, రాయల్ సొసైటీ సభ్యత్వం, మంచి పేరున్న ప్రసంగకర్త. 1744లో తన పుస్తకంలో న్యూకమెన్, కాలీల గురించి రాస్తూ, వాళ్ళకి కారణాలు తెలుసుకునే తత్వశాస్త్రమూ లేదు, బలాలు లెక్కగట్టే గణితమూ లేదు, వెతుకుతున్నది అదృష్టం కొద్దీ దొరికింది అని తేల్చేశాడు. అప్పటికి వాళ్ళిద్దరూ చనిపోయారు, సమాధానం చెప్పుకోవడానికి లేరు.

ఆ బెజ్జం పడటం అదృష్టమే, కాదనను. కానీ ఆ అతుకు కరగడానికి ముందున్న పదేళ్ళ మాటేమిటి? మా బాపు చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. పంపు దగ్గర నిలబడి చప్పుడు విని, బేరింగు ఇంకో వారం కంటే ఆగదు అనేవాడు. వారం లోపే పోయేది. కాలనీలో జనం ఆయన నాలుక మీద మచ్చ ఉందనేవారు. మచ్చ కాదు, ఇరవై ఏళ్ళ చెవి అది! డిగ్రీ ఉన్నవాడికి తెలిస్తే జ్ఞానం, లేనివాడికి తెలిస్తే అదృష్టం. ఈ లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాదు.

కథలు కూడా ఈ లెక్కకే పనిచేస్తాయి. హంఫ్రీ పాటర్ అనే కుర్రాడి కథ వినే ఉంటారు. ఇంజను కవాటాలు తిప్పే పనికి పెడితే, ఆడుకోవడానికి టైము కావాలని దూలానికి తాళ్ళు కట్టి, కవాటాలు వాటంతటవే తిరిగేలా చేశాడట. సరదాగా ఉంది గానీ, చరిత్రకారులు దీన్ని నమ్మరు. డడ్లీ ఇంజనుకి 1719లో గీసిన బొమ్మలో కవాటాలు దానంతటదే తిప్పుకునే కడ్డీల అమరిక పూర్తిగా ఉంది. కెటిల్ మూత, కుర్రాడి తాళ్ళు.. జనానికి ఇలాంటివే నచ్చుతాయి. ఒక్క క్షణంలో అయిపోవాలి. పదేళ్ళ చాకిరీని కథగా చెబితే ఎవరు వింటారు?

ఇక పేటెంటు. సేవరీ తీసుకున్నది మామూలుగా 14 ఏళ్ళ పేటెంటు. 1699లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో దాన్ని ఇంకో 21 ఏళ్ళు పొడిగించింది. అంటే 1733 దాకా. అందులో మాటలు ఎంత వెడల్పుగా ఉన్నాయంటే, నిప్పుతో నీళ్ళు ఎత్తే ఏ యంత్రమైనా దాని కిందికే వస్తుంది. పిస్టను, దూలం, చల్లనీళ్ళు చిమ్మడం.. ఇవేవీ సేవరీ యంత్రంలో లేవు. అయినా న్యూకమెన్ తన ఇంజన్ని సేవరీ పేటెంటు నీడలోనే పెట్టుకోవాల్సి వచ్చింది. 1715లో సేవరీ చనిపోయాక ఆ హక్కులు ఒక వాటాదార్ల కంపెనీ చేతికి వెళ్ళాయి. ఇంజను కావాలంటే గని యజమానులు వాళ్ళకి డబ్బు కట్టాలి. స్కాట్లండులో ఒక గని 1725లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏడాదికి 80 పౌండ్లు, ఎనిమిదేళ్ళ పాటు.

ఇంజను మాత్రం ఆగలేదు. 1722లో ఇప్పటి స్లొవాకియాలోని ఒక గనికి వెళ్ళింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ట్రీవాల్డ్ స్వీడన్‌లో ఒకటి కట్టాడు. పేటెంటు గడువు తీరేనాటికి సుమారు వంద ఇంజన్లు నడుస్తున్నాయంటారు. ఆ గడువు చూడటానికి న్యూకమెన్ లేడు. కాలీ 1717లోనే పోయాడు. న్యూకమెన్ 1729 ఆగస్టు 5న లండన్‌లో ఒక బాప్టిస్టు మిత్రుడి ఇంట్లో కన్నుమూశాడు. ఇంకో నాలుగేళ్ళుంటే తన ఇంజను తనదే అయ్యేది.

వాట్‌ని తక్కువ చేస్తున్నాననుకోకండి. ఆయన గొప్పతనం ఆయనదే. 1763-64 చలికాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు తమ దగ్గరున్న ఒక చిన్న నమూనాని రిపేరు చెయ్యమని ఆయనకిచ్చారు. అది న్యూకమెన్ ఇంజను నమూనాయే! ప్రతి స్ట్రోకుకీ సిలిండర్ని వేడిచేసి మళ్ళీ చల్లార్చడంలో ఎంత ఆవిరి దండగవుతోందో ఆయన లెక్కగట్టాడు. చల్లార్చే పనిని వేరే పాత్రలోకి మార్చేశాడు. 1769లో పేటెంటు. బొగ్గు ఖర్చు అమాంతం తగ్గింది. అద్భుతమైన పని, కాదనేదెవరు? కానీ ఒక పాత కోడ్‌బేస్ తీసుకుని దాన్ని మూడు నాలుగింతలు వేగంగా నడిచేలా చేసినవాణ్ణి మనం మొనగాడంటాం గానీ, మొదటి వెర్షన్ రాసింది కూడా నువ్వే అంటామా?

పైగా ఆ మొదటి వెర్షన్ అంత తేలిగ్గా పోలేదు. బొగ్గు చవగ్గా దొరికే చోట్ల గని యజమానులు వాట్‌కి రాయల్టీ కట్టే బదులు న్యూకమెన్ ఇంజన్లే కట్టించుకున్నారు. ఎల్సికార్ అనే ఊళ్ళో 1795లో కట్టినది 1923 దాకా నడిచింది. ఇప్పటికీ కట్టిన చోటే ఉంది. మరొక పాత ఇంజన్ని 1960లలో తీసుకొచ్చి డార్ట్‌మౌత్‌లో, ఆయన సొంత ఊళ్ళోనే, జ్ఞాపకచిహ్నంగా పెట్టారు. బొమ్మ లేని మనిషికి విగ్రహం కంటే అదే నయం.

ఇప్పుడు నా గొడవ. ఇది చెప్పకుండా పైదంతా చెబితే, ఊరికే చరిత్ర పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది.

మేము పనిచేసే సిస్టం ఒకటి రాత్రిళ్ళు కూలబడేది. ఒకటి పడితే దాని మీద ఆధారపడినవన్నీ వరసగా పడేవి. తిరిగి లేపితే అన్నీ ఒక్కసారి ఎగబడి మళ్ళీ పడేవి. నైట్ సపోర్టులో కాంట్రాక్టు మీద పనిచేసే ఒకావిడ ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చదివింది. ఏడాదిన్నర పాటు రాత్రిళ్ళు ఆ లాగులు చూసీ చూసీ, దేన్ని ముందు లేపాలో, ఎంత ఆగి రెండోదాన్ని లేపాలో, ఏ సంకేతం చూసి ఆ వ్యవధి మార్చాలో కనిపెట్టింది. తన అవసరానికి చిన్న స్క్రిప్టు రాసుకుంది. ఆవిడ షిఫ్టులో సిస్టం పది నిమిషాల్లో లేచేది, మిగతా షిఫ్టుల్లో రెండు గంటలు పట్టేది. అది గమనించి మేం నలుగురం దాన్ని తీసుకుని, పద్ధతిగా డిజైను చేసి, పూర్తిగా ఆటోమేట్ చేశాం. బాగా చేశాం, అందులో సందేహం లేదు.

ఇప్పుడు దానికి పేటెంటు వేస్తారట, అమెరికాలో. ఆవిష్కర్తల పేర్లున్న కాగితం సంతకానికి వచ్చింది. నాలుగు పేర్లున్నాయి, అందులో నాదొకటి. ఆవిడ పేరు లేదు.

అడిగాను. కాంట్రాక్టు వాళ్ళ పేర్లు పెట్టే పద్ధతి లేదన్నారు. ఆలోచన ఆవిడదే కదా అంటే, మీటింగులో ఒకాయన తేలిగ్గా నవ్వి, "ఆవిడకేదో అదృష్టం కొద్దీ తగిలిందిలే, దాన్ని ఆవిష్కరణ చేసింది మనం" అన్నాడు. నాకు డెసాగులియర్స్ గారే కోటు మార్చుకుని ఎదురుగా కూర్చున్నట్టనిపించింది.

ఇంటికొచ్చి చట్టం చదివాను. పేటెంటు హక్కులు కంపెనీవే కావచ్చు, అది ఒప్పందాన్ని బట్టి. ఆవిష్కర్తగా పేరు మాత్రం నిజంగా కనిపెట్టినవాళ్ళది ఉండి తీరాలి. జీతం ఎవరిచ్చారన్నది దానికి సంబంధం లేదు. ఒక పేరు వదిలేసి దాన్ని సరిదిద్దకపోతే పేటెంటే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. 1699లో న్యూకమెన్‌కి ఇలాంటి రక్షణ లేదు. ఇప్పుడు ఉంది. ఎవరో ఒకరు అడగాలి, అంతే.

ఆవిడ స్క్రిప్టు మొదటి వెర్షన్, దాని తేదీ, మా డిజైను మొదలైన తేదీ మూడూ పక్కపక్కన పెట్టి లీగల్ వాళ్ళకి మెయిలు రాశాను. ఆవిడకి కూడా చెప్పాను. "పేరుదేముందండీ, కాంట్రాక్టు రెన్యూ చేస్తే చాలు" అంది. ఆ మాట విన్నాక పట్టుదల ఇంకా పెరిగింది. కానీ ఈ గొడవలో ఆ రెన్యూవలే పోతే? ఆ భయం కూడా ఉంది, అందుకే అడుగు వేసే ముందు ప్రతిసారీ ఆవిణ్ణి అడిగే వేస్తున్నాను. "మీరు రాసింది నిజమే కదండీ, రాయండి" అంది చివరికి.

లీగల్ నుంచి ఇంకా జవాబు రాలేదు. కాగితం నా దగ్గరే ఉంది, సంతకం పెట్టలేదు. అయిదో పేరు చేరితే పెడతాను. మేనేజరు రోజుకోసారి గుర్తుచేస్తున్నాడు. మంచివాడే, తొందరలో ఉన్నాడంతే.

మీ ఆఫీసుల్లో కూడా ఇలాంటి కాగితాలు వస్తూనే ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఆ పేర్లు ఒక్కసారి చదవండి. ఉన్నవాళ్ళ గురించి కాదు, లేనివాళ్ళ కోసం.